దివాను

“దివాణ” మన్యదేశ్యము, కావ్యభాషయందు దానికి దావులేదని పెద్దలు కొందఱందురు. జమీందారుని మందిరమునకు దెలుగువారు చిరకాలముగా వాడుచున్న మాట యిది. సంస్థానమున మంత్రి దివాను. కవి గజళ్ల సంపుటమును దివానే. హాఫిజు దివాను లోకప్రసిద్ధము. మందిరము, మంత్రి, పుస్తకము - ఈ మూటికి నొక్క పేరెట్లు వచ్చెను?

14వ శతాబ్దివాడగు ఇబ్ను ఖల్దూను ఒక కథ చెప్పినాడు. పారసీక చక్రవర్తి తన లేఖకులు గొణుగుకొనుచు లెక్కలు గట్టుట జూచి “దీవానా”, అనగా పిచ్చివారు, అనెనట; ఆ పేరే వారి కచేరికి నిలిచెనట. లెక్కలు వ్రాయువారి యవస్థ నెఱిగినవారికి నమ్మవలెననియే తోచును. శబ్దశాస్త్రజ్ఞులు మాత్ర మొప్పుకొనరు.

ప్రాచీన పారసీకమున “దిపి” యనగా వ్రాత. అది ఏలాము భాషనుండియు, దానికి బూర్వము అక్కాదు భాషనుండియు వచ్చినది. తుదిమూలము సుమేరీయుల “దుబ్”, మట్టిపలక. వ్రాతపత్రములుండు కొలువు దివాను. అశోకుని షాబాజ్‌గఢీ శాసనమున “దిపి” యని యున్నచోట, మన కర్నూలుసీమ యెఱ్ఱగుడిలో “లిపి” యని యున్నది. ఈ రెండు నొక్కటే యని పెక్కండ్రు పండితుల మతము. దివాణమును వెలివేయువారు లిపి నేమిచేయుదురో!

అరబ్బులకు దివాను యుద్ధములతో వచ్చినది. 641 ప్రాంతమున ఖలీఫా ఉమరు యోధుల పేళ్లును, వారి కీయవలసిన ధనమును వ్రాయించిన పట్టికకు దివానని పేరు. పట్టికనుండి కచేరికి, కచేరినుండి అధికారికి, అచటి పరుపునకు గూడ నర్థము ప్రాకినది. ఇటలీవారు సుంకపు చావడిని దొగానా యనుటయు నిందుండియే. 1765లో షా ఆలము కుంపిణీవారికి వంగ, బిహారు, ఒరిస్సాల దివానీ నిచ్చెననగా శిస్తు వసూలుచేయు నధికార మిచ్చెనని యర్థము.

అరబ్బులు జయించిన పిదప నర్ధశతాబ్దికి పైగా ఇరాకులో పన్నుల లెక్కలు పారసీకముననే నడచినవి. 697 ప్రాంతమున అధిపతి హజ్జాజు వానిని అరబ్బీలోనికి మార్పించెను. మార్చినవాడు సాలిహు, సీస్తానులో చెఱపట్టబడిన వారి బిడ్డ, పారసీకుడే. తన చేత గాదని చెప్పుమని తోడి లేఖకు లతనికి లక్ష దిర్హము లీయజూపిరనియు, అతడు నిరాకరించెననియు 9వ శతాబ్దపు చరిత్రకారుడు బలాదురీ వ్రాసినాడు. వారిని గలతపెట్టినది భాషాభిమానమో, పోవుచున్న జీవనమో, రెండును గావచ్చును. లెక్కలు అరబ్బీ యైనవి. వానిని వ్రాయు కచేరిని మాత్రము అరబ్బులు దివాననియే పిలుచుచు వచ్చిరి.