తీగలో పాట లేదు

ఈమధ్య పెళ్లి రిసెప్షన్లలో పాడే ఆర్కెస్ట్రాల్లో కూడా కీబోర్డు ప్లేయర్ పక్కన ల్యాప్‌టాప్ కనిపిస్తోంది. ఆయన వేళ్ల కింద ఉన్న కీబోర్డులో చాలాసార్లు ఒక్క స్వరం కూడా ఉండదు. మెట్లు, రెండు చక్రాలు, ఓ యూఎస్‌బీ తీగ, అంతే. వయొలినైనా వేణువైనా పుట్టేది కంప్యూటర్లో. ఈ ఏర్పాటుకు దారి వేసినవాళ్లలో డేవ్ స్మిత్ పేరు రెండుసార్లు చెప్పుకోవాలి. తీగకు భాష కుదిర్చిన వాళ్లలో ఆయన ఒకడు. పదేళ్ల తర్వాత ఆ తీగ రెండో కొసన కంప్యూటర్‌ను వాద్యంగా కూర్చోబెట్టిందీ ఆయనే.

1978లో స్మిత్ ప్రాఫెట్-5 అనే సింథసైజర్ తెచ్చాడు. అది ఒకేసారి అయిదు స్వరాలు పలికేది. కుదుర్చుకున్న సౌండును గుర్తుపెట్టుకుని, బొత్తాం నొక్కగానే మళ్లీ ఇచ్చేది. అయితే ఆ రోజుల్లో ఒక కంపెనీ వాద్యానికీ ఇంకో కంపెనీ వాద్యానికీ మాటల్లేవు. ఎవరి తీగ వాళ్లది. 1981లో జపాన్ రోలాండ్ సంస్థ అధిపతి ఇకుతారో కకెహాషి, అమెరికా తయారీదారు టామ్ ఒబర్‌హైమ్ దగ్గర ఉమ్మడి ప్రమాణం మాటెత్తాడు. ఆ మాట స్మిత్ దాకా వచ్చింది. ఆ ఏడాదే ఆయన, సహచరుడు చెట్ వుడ్ కలిసి ఆడియో ఇంజినీర్ల సమావేశంలో ఓ ముసాయిదా పెట్టారు. యమహా, కోర్గ్, కవాయ్ కూడా కలిసొచ్చాయి. 1983 జనవరిలో కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో, వాద్య పరికరాల ప్రదర్శనలో, స్మిత్ కంపెనీ ప్రాఫెట్-600ను రోలాండ్ జూపిటర్-6తో తీగ వేసి కలిపారు. ఇక్కడ మెట్టు నొక్కితే అక్కడ మోగింది. ఆ ఉమ్మడి ప్రమాణం పేరే మిడి. వాడుకున్నందుకు ఎవరూ ఎవరికీ రాయల్టీ కట్టక్కర్లేదు.

ఆ తీగలో పాట ప్రయాణించదు. మెట్టు నొక్కగానే మూడు బైట్ల కబురు వెళుతుంది: ఎన్నో ఛానల్, ఏ మెట్టు, ఎంత బలంగా. బలానికి 0 నుంచి 127 దాకా అంకె. వేగం సెకనుకు 31,250 బిట్లు. ఒక స్వరం కబురు చేరడానికి ఒక మిల్లీసెకను కూడా పట్టదు. ఆ కబురు అందుకునే కొసన ఏముందన్న దానితో తీగకు పనే లేదు. నా లెక్కలో ఇన్నేళ్లు అది బతికి బట్టకట్టడానికి ముఖ్య కారణం ఇదే. సౌండునే మోసి ఉంటే ఆనాటి సౌండుతో పాటే అదీ మూలపడేది.

మద్రాసుకు ఈ గాలి త్వరగానే తగిలింది. 1986లో ‘పున్నగై మన్నన్’కి (తెలుగులో ‘డాన్స్ మాస్టర్’) ఇళయరాజా కంప్యూటర్‌ను వాడారు. రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించిన కుర్రాడు దిలీప్, ఏఆర్ రెహమాన్‌గా 1992లో ‘రోజా’ చేసేనాటికి ప్రోగ్రామింగ్ అనేది స్టూడియోలో ఒక ఉద్యోగమైపోయింది. కానీ అప్పటికి కంప్యూటర్ గుమాస్తా మాత్రమే. వాయించింది రాసిపెట్టుకుని తిరిగి అప్పజెప్పేది. మోగేవి మాత్రం బయటి పెట్టెలే.

స్మిత్ కంపెనీ 1987లో మూతపడి యమహా చేతికి పోయింది. తర్వాత ఆయన సీర్ సిస్టమ్స్‌లో చేరి, పూర్తిగా ప్రాసెసర్ మీదే నడిచే సింథసైజర్ రాయించాడు. 1994లో ఇంటెల్ అధిపతి ఆండీ గ్రోవ్ కామ్‌డెక్స్ కంప్యూటర్ ప్రదర్శన వేదిక మీద దాన్ని చూపించాడు. 1997లో అదే దారిలో ‘రియాలిటీ’ పేరుతో సరుకు బజారుకొచ్చింది. అటు జర్మనీలో స్టైన్‌బర్గ్ సంస్థ 1996లో, సంగీతం ప్రోగ్రాముకు వేరే ప్రోగ్రాములను తగిలించే వీఎస్‌టీ పద్ధతి తెచ్చింది. 1999లో దానికి మిడి కబుర్లు వినే శక్తి ఇచ్చాక, ఎవరైనా ఒక వాద్యాన్ని ప్రోగ్రాముగా రాసి అమ్ముకునే వీలొచ్చింది.

లైవ్‌లో వాయించాలంటే మాత్రం ఆలస్యం అనే బెడద తీరాలి. తీగ కబురు మిల్లీసెకనులో వచ్చేస్తుంది, కంప్యూటరే నింపాదిగా లేస్తుంది. అది సౌండును సెకనుకు 44,100 నమూనాలుగా లెక్కగట్టి, గుత్తగా కొన్ని పోగేసి బయటికి పంపుతుంది. ఆ పోగు పేరు బఫర్. 1024 నమూనాల బఫరైతే 23 మిల్లీసెకన్ల జాప్యం, 256 అయితే ఆరుకు లోపు. మరీ తగ్గిస్తే ప్రాసెసర్ అందుకోలేక స్పీకర్లో టపటపలు మొదలవుతాయి. 1997లో స్టైన్‌బర్గ్ తెచ్చిన ఏషియో డ్రైవర్, విండోస్ సొంత సౌండు మార్గాన్ని తప్పించి నేరుగా సౌండ్ కార్డుతో మాట్లాడి ఈ చిక్కును చాలావరకు విప్పింది. పది మిల్లీసెకన్లంటే ఎంతో తెలియాలంటే, సన్నాయికి పదకొండు అడుగుల అవతల కూర్చున్న డోలు దెబ్బ సన్నాయి చెవికి చేరేంత సేపు. ఆ మాత్రం తేడాతో మేళం చెడదు. ముప్ఫై, నలభై దాటితే వేలు ఒకచోట, పాట ఒకచోట.

ఇంత చేసిన స్మిత్ 2002లో ఎవాల్వర్‌తో మళ్లీ బొత్తాలు, గుండీలున్న పెట్టెల తయారీకి వెళ్లిపోయాడు. ఆయన్ను తప్పుపట్టలేం. విండోస్ 95 కాలపు ‘రియాలిటీ’ నేటి ల్యాప్‌టాప్‌లో నడిచే సరుకు కాదు. అంతకు దాదాపు ఇరవయ్యేళ్ల ముందు తయారైన ప్రాఫెట్లు ఇప్పటికీ మోగుతున్నాయి. మిడికి గాను 2013లో కకెహాషికీ, స్మిత్‌కీ టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. కకెహాషి 2017లో, స్మిత్ 2022లో కన్నుమూశారు.

మన సంగీతానికి మిగిలిన చిక్కు గమకం. మెట్ల మీద గమకం పలకదన్నదే హార్మోనియం మీద ప్రధానమైన ఫిర్యాదు. ఆకాశవాణి దాన్ని 1940లో వెలివేసి, 1971 దాకా తలుపు తీయలేదు. ఆ మెట్లే మిడికీ సంక్రమించాయి. స్వరాన్ని వంచడానికి చక్రం ఉంది. దానికి 16,384 అంచెల సూక్ష్మత కూడా ఉంది, జారుకు అది చాలు. కానీ చక్రం తిప్పితే ఆ ఛానల్‌లో మోగుతున్న స్వరాలన్నీ ఒక్కసారిగా వంగుతాయి. షడ్జమం నొక్కిపట్టి మీద గాంధారాన్ని ఊపుదామంటే శ్రుతి కూడా ఊగిపోతుంది. అందుకే తెలిసినవాళ్లు శ్రుతిని వేరే ఛానల్‌లో పెడతారు. 2018లో ఆమోదం పొందిన ఎంపీఈ పద్ధతి ఒక్కో స్వరానికి ఒక్కో ఛానల్ కేటాయించి దీన్ని సరిచేసింది. అంతకు ముందే రెహమాన్ ‘ఢిల్లీ-6’లో మెట్లే లేని కంటిన్యువమ్ వాద్యాన్ని వాయించారు. 2020లో వచ్చిన మిడి 2.0 ప్రతి స్వరాన్నీ విడిగా వంచగలదు. అలాంటి వాద్యాలు ఇంకా ఖరీదే. ఊళ్లో కీబోర్డు నేర్చుకునే పిల్లలకు దొరికేది ఆ పాత చక్రమే కాబట్టి, ఆనందభైరవి ఎత్తుకునే ముందు ఎడమచేతికి చక్రం తిప్పడం అలవాటు చేసుకోవాల్సిందే.