నౌకాయాన టాబ్లెట్

నౌకాయాన టాబ్లెట్ అనగా పడవ ఉన్న స్థానాన్ని నావికా పటంపై చూపుతూ, పోవలసిన దారిని నిర్ణయించుకోవడానికి వాడే టాబ్లెట్ కంప్యూటరు. ఇది ప్రత్యేకంగా తయారైన యంత్రం కాదు. సాధారణ టాబ్లెట్‌లో పటాల సాఫ్ట్‌వేరును చేర్చినప్పుడు అది నౌకాయాన పరికరంగా పనిచేస్తుంది. విహార పడవలలోను, చిన్న మరపడవలలోను దీని వాడకం ఎక్కువ. ఉపగ్రహ గ్రాహకం, తెర, నీటిని తట్టుకునే గుణం, విద్యుత్ సరఫరా, పటాల నాణ్యత అనే 5 అంశాలపై దీని ఎంపిక ఆధారపడి ఉంటుంది.

నేపథ్యం

అమెరికా నిర్వహించే జి.పి.ఎస్. వ్యవస్థ 1995లో పూర్తి స్థాయిలో పనిచేయడం మొదలుపెట్టింది. పౌరులకు అందే సంకేతాలలో ఉద్దేశపూర్వకంగా కొంత దోషాన్ని కలపడం వలన తొలి రోజులలో స్థానం సుమారు 100 మీటర్ల వరకు తప్పుగా కనిపించేది. 2000 మే 2 నుండి ఆ దోషాన్ని తొలగించారు. ప్రస్తుతం ఆకాశం అడ్డులేకుండా కనిపించే చోట సాధారణ ఫోను కూడా సుమారు 5 మీటర్ల తేడాతో స్థానాన్ని చెప్పగలదు. 2010లో ఐప్యాడ్ విడుదలైన తరువాత పెద్ద తెరపై నావికా పటాలను చూసే అలవాటు చిన్న పడవలకు వ్యాపించింది.

ఉపగ్రహ గ్రాహకం

టాబ్లెట్ కొనేటప్పుడు మొదట చూడవలసినది ఇదే. వైఫై మాత్రమే గల ఐప్యాడ్ నమూనాలలో ఉపగ్రహ గ్రాహకం ఉండదు. అవి చుట్టుపక్కల వైఫై కేంద్రాలను బట్టి స్థానాన్ని అంచనా వేస్తాయి కనుక తీరం దాటితే పనికిరావు. సెల్యులార్ నమూనాలలో గ్రాహకం ఉంటుంది. సిమ్ కార్డు లేకపోయినా అది పనిచేస్తుంది. ఆండ్రాయిడ్ టాబ్లెట్లలో ఇది నమూనాను బట్టి మారుతుంది.

గ్రాహకం లేని టాబ్లెట్‌కు బ్లూటూత్ ద్వారా విడి గ్రాహకాన్ని జోడించవచ్చు. పడవలోని ఇతర పరికరాల నుండి వైఫై ద్వారా స్థాన సమాచారాన్ని అందించడం మరొక మార్గం. మొబైల్ నెట్‌వర్క్ సహాయం లేనప్పుడు మొదటిసారి స్థానం తెలియడానికి ఎక్కువ సమయం పడుతుంది. అందువలన రేవు విడువక ముందే పరికరాన్ని తెరచి, స్థానం సరిగా చూపుతున్నదో లేదో పరీక్షించుకోవాలి.

తెర, నీరు, వేడి

మధ్యాహ్నపు ఎండలో టాబ్లెట్ తెర మసకగా కనిపిస్తుంది. పోలరాయిడ్ కళ్ళద్దాలు ధరించినవారికి తెరను ఒక కోణంలో పట్టుకుంటే పూర్తిగా నల్లగా కనిపించవచ్చు. తడి చేతులను, తెరపై పడిన నీటి తుంపరలను స్పర్శ తెర సరిగా గుర్తించలేదు. వాన కురిసే సమయంలో, అనగా పటం అవసరం ఎక్కువగా ఉన్న సమయంలోనే, తెర మాట వినకపోవచ్చు. బొత్తాలు గల చార్ట్ ప్లాటర్లకు ఈ ఇబ్బంది లేదు.

నీటి నుండి రక్షణను ఐ.పి. అంకెలతో సూచిస్తారు. వీటిలో మొదటి అంకె ధూళికి, రెండవ అంకె నీటికి సంబంధించినవి. ఐ.పి.67 అనగా ధూళి చొరబడదు, 1 మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు ఉన్నా హాని జరగదు అని అర్థం. అయితే ఈ పరీక్షను మంచి నీటిలో జరుపుతారు. ఉప్పు నీరు ఛార్జింగు రంధ్రంలోని లోహాన్ని తినివేస్తుంది. సాధారణ టాబ్లెట్‌ను వాడేవారు దానిని నీరు చొరని సంచిలోనో, పెట్టెలోనో ఉంచాలి.

వేడి మరొక సమస్య. ఐప్యాడ్‌ను 0 నుండి 35 డిగ్రీల సెల్సియస్ మధ్య వాడాలని తయారీదారు సూచిస్తున్నారు. ఎండలో ఉంచిన టాబ్లెట్ వేడెక్కినప్పుడు మొదట తెర వెలుగు తగ్గుతుంది, తరువాత పరికరం ఆగిపోతుంది. గాలి ఆడని సంచిలో ఉంచితే ఇది మరింత త్వరగా జరుగుతుంది. కనుక నీటి నుండి కాపాడే కవచంతో పాటు నీడ కూడా అవసరం.

టాబ్లెట్‌ను దిక్సూచికి దగ్గరగా ఉంచరాదు. టాబ్లెట్‌లోను, దాని కవచంలోను ఉండే అయస్కాంతాలు దిక్సూచి సూదిని పక్కకు లాగుతాయి.

విద్యుత్తు

తెరను పూర్తి వెలుగులో ఉంచి, గ్రాహకాన్ని నిరంతరం నడిపితే బ్యాటరీ త్వరగా తరిగిపోతుంది. ఉదాహరణకు 30 వాట్-గంటల బ్యాటరీ గల టాబ్లెట్ గంటకు 10 వాట్-గంటల చొప్పున ఖర్చు చేస్తే 3 గంటలు మాత్రమే పనిచేస్తుంది. అందువలన పడవ బ్యాటరీ నుండి శాశ్వత సరఫరా ఏర్పరచి, దానికి తోడు ఒక పవర్ బ్యాంకును ఉంచుకోవడం మంచిది.

పటాలు



పటాలు రెండు రకాలు. కాగితపు పటానికి యథాతథ చిత్రం రాస్టర్ పటం. లోతులు, దీపస్తంభాలు, దిబ్బలు మొదలగు వాటిని విడివిడి సమాచారంగా భద్రపరచినది వెక్టర్ పటం. భారత జలాల అధికారిక పటాలను డెహ్రాడూన్‌లోని జాతీయ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయం ప్రచురిస్తుంది. ఓపెన్ సి.పి.ఎన్. అనే ఉచిత సాఫ్ట్‌వేరు రెండు రకాల పటాలనూ చూపగలదు. సముద్రంలో ఇంటర్నెట్ ఉండదు కనుక పటాలను ముందుగానే పరికరంలోకి దించుకోవాలి.

పరికరం చూపే స్థానం ఎంత సూక్ష్మమైనదైనా, పటం అంత సూక్ష్మమైనది కాకపోవచ్చు. ఎలక్ట్రానిక్ పటాలలో సర్వే నాణ్యతను తరగతులుగా విభజిస్తారు. ఎ1 తరగతిలో స్థాన దోషం 5 మీటర్లకు, ఎ2లో 20 మీటర్లకు, బి తరగతిలో 50 మీటర్లకు, సి తరగతిలో 500 మీటర్లకు లోబడి ఉంటుంది. డి తరగతి సి కంటే హీనమైనది. సి తరగతి ప్రాంతంలో పడవ స్థానం 5 మీటర్ల తేడాతో తెలిసినా, రాతిదిబ్బ పటంలో చూపిన చోటికి 500 మీటర్ల దూరంలో ఉండవచ్చు. గోదావరి వంటి నదులలో వరదల వలన ఇసుక మేటలు చోటు మారుతుంటాయి. అక్కడ పటం కంటే సరంగు అనుభవమే నమ్మదగినది.

వెస్టాస్ విండ్ ప్రమాదం

వెక్టర్ పటాన్ని దూరపు చూపులో ఉంచినప్పుడు తెర నిండిపోకుండా సాఫ్ట్‌వేరు చిన్న వివరాలను దాచివేస్తుంది. 2014 నవంబరు 29న వోల్వో ఓషన్ రేస్‌లో పాల్గొంటున్న టీమ్ వెస్టాస్ విండ్ పడవ, కేప్ టౌన్ నుండి అబుదాబీకి పోతూ, మారిషస్‌కు ఈశాన్యాన గల కార్గడోస్ కరజోస్ పగడపు దిబ్బలను రాత్రివేళ ఢీకొన్నది. పడవలోని 9 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. ఎలక్ట్రానిక్ పటాన్ని చాలినంత పెద్దదిగా చేసి చూడకపోవడం ప్రధాన కారణమని 2015లో వెలువడిన విచారణ నివేదిక తేల్చింది. ఆధునిక పరికరాలు, అనుభవజ్ఞులైన నావికులు ఉన్న పడవకే ఇట్లు జరిగింది. కనుక పోవలసిన దారినంతటినీ బయలుదేరక ముందే పటాన్ని పెద్దదిగా చేసి పరిశీలించాలి.

అంకెలలో పొరపాట్లు

అక్షాంశ రేఖాంశాలను డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో గాని, డిగ్రీలు, దశాంశ నిమిషాలలో గాని వ్రాస్తారు. 30.50 నిమిషాలు అనగా 30 నిమిషాల 30 సెకన్లు. దానిని 30 నిమిషాల 50 సెకన్లుగా చదివితే అక్షాంశంలో 20 సెకన్ల తేడా, అనగా సుమారు 617 మీటర్ల తేడా వస్తుంది. ఒక పడవ నుండి మరొక పడవకు రేడియోలో స్థానం చెప్పేటప్పుడు ఈ పద్ధతి ముందుగా స్పష్టం కావాలి.

మత్స్యకారులు

తీరానికి సుమారు 10-12 కిలోమీటర్లు దాటితే మొబైల్ సంకేతాలు అందవు. 2017లో ఓఖీ తుఫాను వచ్చినప్పుడు అప్పటికే లోతు సముద్రంలో ఉన్న కేరళ, తమిళనాడు మత్స్యకారులకు హెచ్చరికలు చేరలేదు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ, భారత విమానాశ్రయాల సంస్థతో కలిసి 2019లో జెమిని అనే పరికరాన్ని ప్రవేశపెట్టింది. ఇది గగన్ ఉపగ్రహాల నుండి హెచ్చరికలను, చేపలు దొరికే చోట్ల సమాచారాన్ని అందుకొని బ్లూటూత్ ద్వారా ఫోనుకు పంపుతుంది. దీని ద్వారా తిరిగి సందేశం పంపడం సాధ్యం కాదు.

2018 నవంబరులో గుజరాత్‌లోని వెరావల్ నుండి వేటకు వెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులను సముద్ర సరిహద్దు దాటారని పాకిస్తాన్ అధికారులు నిర్బంధించారు. వారిలో 20 మంది 2020 జనవరిలో విడుదలయ్యారు. ఆ ప్రాంతంలో సర్ క్రీక్ వివాదం వలన సముద్ర సరిహద్దుపై రెండు దేశాల మధ్య అంగీకారం లేదు. కనుక పటంలోని గీతను ఆనుకొని పోవడం క్షేమం కాదు. గీతకు చాలా ముందుగానే మ్రోగేటట్లు టాబ్లెట్‌లో హెచ్చరికను అమర్చుకోవాలి.

పరిమితులు

ఇంటర్నెట్ ద్వారా ఇతర ఓడలను చూపే సాఫ్ట్‌వేర్లు తీర కేంద్రాలపై ఆధారపడతాయి కనుక ఆలస్యంగా చూపవచ్చు, అసలు చూపకపోవచ్చు. ఢీకొనకుండా తప్పించుకోవడానికి పడవలోనే ఎ.ఐ.ఎస్. గ్రాహకం ఉండాలి. టాబ్లెట్ ఆపద సంకేతానికి కూడా ప్రత్యామ్నాయం కాదు. అందుకు వి.హెచ్.ఎఫ్. రేడియోలోని 16వ ఛానలు, 406 మెగాహెర్ట్జ్ ఆపద సూచికలు ఉన్నాయి. భారత తీర రక్షక దళం అత్యవసర ఫోను సంఖ్య 1554.

ఒకే పరికరంపై ఆధారపడరాదన్నది నౌకాయానంలో పాత సూత్రం. స్థిరమైన చార్ట్ ప్లాటరు ఉన్న పడవలో టాబ్లెట్ మంచి తోడు. అది లేని పడవలో టాబ్లెట్‌తో పాటు పటాలు దించుకున్న ఒక ఫోను, దిక్సూచి, కాగితపు పటం ఉండాలి. గంటకొకసారి స్థానాన్ని పుస్తకంలో వ్రాసుకుంటే, తెర ఆరిపోయినప్పుడు చివరి స్థానం, దిశ, వేగాలను బట్టి తీరానికి దారి లెక్క కట్టవచ్చు.

ఇవి కూడా చూడండి

జి.పి.ఎస్.
నావిక్
గగన్
దిక్సూచి
నాటికల్ మైలు