కంటిపాప వెనుక

ఎదుటివాని కంటిలోనికి తేఱిపాఱ జూచినవానికి మొట్టమొదట అగపడునది, బఠాణీ గింజంతయైనను లేని తన ప్రతిబింబము. కంటి నడిమి నల్లని వర్తులమునకు తెలుగువారు పాప యని పేరు పెట్టుటకు ఈ బుల్లి బొమ్మయే కారణము కాబోలు. పేరు ముద్దుగనే యున్నది గాని, వైద్యుని పాలిట అది చిరకాలము మూసిన తలుపై యుండెను. సుశ్రుతుడు ఉత్తరతంత్రమున 76 నేత్రరోగములను గణించి, వాని లక్షణములను చికిత్సలను వివరించి, శుక్లమును శలాకతో త్రోసివేయు విధానమును సైతము వర్ణించెను. అయినను ఆయన చూడగలిగినది ఱెప్పలను, తెల్లగ్రుడ్డును, నల్లగ్రుడ్డును, పాపలో ముదిరి తెల్లబారిన శుక్లమును మాత్రమే. పాప తేటగా నుండగనే చూపు మాయమైన రోగి ఎదుట కూర్చున్నపుడు, ఏ దేశపు వైద్యునికైనను ఊహయే శరణ్యము. జర్మనులు అట్టి గ్రుడ్డితనమునకు ‘నల్ల శుక్లము’ అని పేరు పెట్టుకొనిరి. తెలియనిదానికి పేరు పెట్టి ఊఱడిల్లుట వైద్యశాస్త్రమునకు క్రొత్త గాదు.

పాప యేల నల్లగా నుండును? లోపల చీకటి గనుక నని చాలకాలము తలచిరి. మఱి పిల్లి కన్నులు రాత్రివేళ మెఱయుచున్నవి కదా! 1704లో జాన్ మెరీ యను ఫ్రెంచి పండితుడు ఒక పిల్లిని నీట ముంచి, దాని కంటి లోపలి రక్తనాళములను చూచెను గాని, ఆ దృశ్యమునకు సరియైన కారణము చెప్పలేకపోయెను. చిక్కు మఱియొకచోట నున్నది. కంటిలోనికి పోయిన వెలుగు ఏ త్రోవను పోయినదో ఆ త్రోవనే దీపమువైపునకు మఱలివచ్చును. దానిని పట్టదలచినవాడు తన కంటిని దీపమున్న చోటనే నిలుపవలెను. నిలిపెనా, ఆతని తలయే దీపమునకు అడ్డగును. వైద్యుడు తన నీడలోనే నిలిచి, రోగి కన్ను చీకటిగా నున్నదని అన్ని యేండ్లు వాపోయెనన్నమాట.

ఈ తలను ప్రక్కకు తప్పించిన ఘనత కోనిగ్స్‌బెర్గ్ విశ్వవిద్యాలయమున శరీరధర్మశాస్త్రమును బోధించుచుండిన హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్‌ది. అప్పటికాయనకు 29 ఏండ్లు. విద్యార్థులకు కంటి మెఱపును గూర్చి పాఠము చెప్ప నాయత్తపడుచు, సూక్ష్మదర్శినికి వాడు పలుచని గాజుపలకలను, అట్టముక్కలను, జిగురును పోగుచేసి ఆయన ఒక పరికరమును కూర్చెను. ప్రక్కనున్న దీపపు వెలుగును ఏటవాలుగా నిలిపిన గాజు రోగి కంటిలోనికి మరలించును; లోపలినుండి తిరిగివచ్చిన వెలుగులో కొంత ఆ గాజుగుండనే దూరి, వెనుకనున్న వైద్యుని కంటికి చేరును. 1850 డిసెంబరు 6వ తేదీన బెర్లినునందలి భౌతికశాస్త్ర పరిషత్తునకు ఈ వార్త నివేదింపబడెను. మఱుసటియేడు చిన్న పుస్తకముగా వెలువడెను. నిజమునకు 1847లోనే ఇంగ్లండున చార్లెస్ బాబేజ్, గణనయంత్రముల బాబేజే, ఇట్టి పరికరమొకటి చేసి వార్టన్ జోన్స్ అను నేత్రవైద్యునకు చూపియుండెను. ఆయన దాని విలువను గుర్తింపక, 1854లో గాని ఆ సంగతిని లోకమునకు చెప్పలేదు. కనిపెట్టినవానికంటె, కనిపెట్టినదానిని మొదట చూచి పెదవి విఱిచినవాడు చరిత్రలో ఎక్కువ పనిచేయుట కలదు.

తలుపు తెఱచినంతనే లోపలిదంతయు తెలియునా? బెర్లినునందలి ఆల్‌బ్రెహ్ట్ ఫాన్ గ్రేఫే యంతటి నిపుణుడును గ్లాకోమా రోగి కంటిలో నేత్రనాడి మొగముకడ నున్న గుంటను తొలుత ఉబ్బుగా భ్రమపడి, పిమ్మట దిద్దుకొనెను. ఒంటికంటితో చూచునపుడు ఎత్తుపల్లములు తారుమారగుట సహజమే. చూచినదానిని పదిమంది యెదుట పెట్టుటకు ఆనాడు చిత్రకారుని చేయి తప్ప వేఱు సాధనము లేదు. వియన్నాలో ఎడ్వర్డ్ యేగర్ ఒక్కొక్క కంటిముందు గంటలకొలది కూర్చుండి, తానే రంగులు దిద్ది, 1869లో నేత్రాంతర్భాగ చిత్రపటములను సంపుటముగా వెలువరించెను. ఆ చిత్రములు నేటికిని ముచ్చట గొలుపును. గాని మధుమేహ రోగి కంటిలో మొదట పుట్టు ఎఱ్ఱచుక్కలు ఆవగింజలో నూఱవవంతుకూడ నుండవు. ఆఱునెలల క్రిందట ఆ చుక్కలు మూడా, ఐదా యని ఏ కుంచె సాక్ష్యము చెప్పగలదు?

ఆ సాక్ష్యము కొఱకే ఛాయాగ్రహణము వచ్చినది. 1886లో జాక్‌మన్, వెబ్‌స్టర్ అను ఇరువురు ఆంగ్లేయులు సజీవ మానవుని నేత్రపటలమునకు ఛాయాచిత్రము తీసిరి. రోగి రెండున్నర నిమిషములు కన్ను కదల్పక కూర్చుండవలసి వచ్చెను! కెమెరాను తలకే బిగించి కట్టిరి. అయినను నల్లగ్రుడ్డుపై మెఱసిన దీపపు తళుకు చిత్రమున సగమును మ్రింగివేసెను. ఆ తళుకును తప్పించుటకు నలువది యేండ్లు పట్టెను. 1926లో స్వీడనుకు చెందిన నార్డెన్‌సన్ రూపకల్పనచేసిన కెమెరాను జైస్ సంస్థ అంగడికి తెచ్చెను. 1961లో ఇండియానా వైద్యవిద్యార్థులగు నోవోట్నీ, ఆల్విస్‌లు చేతి నరమున ఫ్లోరిసిన్ రంగును ఎక్కించి, అది కంటి నాళములలో ప్రవహించుటను వరుస చిత్రములుగా ప్రకటించిరి. నేత్రవైద్య పత్రిక త్రోసిపుచ్చగా హృద్రోగ పత్రిక ఆ వ్యాసమును అచ్చువేసెను. 1991లో మసాచుసెట్స్‌నుండి ఓసీటీ వచ్చినది. కత్తి తాకకుండ నేత్రపటలపు పొరలను నిలువున కోసి చూపు ఈ పరికరమునకు ప్రత్యేకముగా ఒక వ్యాసమే కావలెను.

ఫిలిము పోయి డిజిటల్ వచ్చినపుడు, కేవలము సౌకర్యము హెచ్చినదని కొందఱు తలచిరి. జరిగినది అంతకంటె పెద్దది. ఫిలిమును కడిగి, ఆరవేసి, మూడవనాడు చూచు లోపల రోగి తన యూరికి పోయెడివాడు. ఇప్పుడు చిత్రము అప్పటికప్పుడే తెరపై నిలుచును, బాగుగా రాకున్న మఱల తీయవచ్చును, తంత్రీమార్గమున వంద మైళ్ళ దూరమునకు పంపవచ్చును. వైద్యుని తల దీపముకడనుండి మాత్రమే గాక గదినుండియే తొలగెను. మధుమేహమువలన గాని గ్లాకోమావలన గాని కలుగు నష్టమున నొప్పి లేదు, ఎఱుపు లేదు, పుసి లేదు. చూపు తగ్గెనని రోగి తానై వచ్చునప్పటికి వైద్యమునకు మిగులునది స్వల్పము. 1996 నుండి 2000 వఱకు హైదరాబాదున, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలలో 10,293 మందిని పరీక్షించిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనమున, గ్లాకోమా కలవారిలో అత్యధికులకు తమకా వ్యాధి యున్నట్లే తెలియదని తేలెను. అడుగకయే పిలిచి చిత్రము తీయుట యొక్కటే దీనికి ఉపాయము. ఇంగ్లండు 2003లో మధుమేహుల కందఱకును ఏటేట కంటి చిత్రములు తీయు పథకమును ఆరంభించెను. 2009–10 నాటి లెక్కలలో, పనిచేయు వయసువారి అంధత్వమునకు మధుమేహము ప్రథమకారణముగా నుండుట ఐదు దశాబ్దములలో మొదటిసారి తప్పినది. మన పల్లెలలో ఎల్.వి.ప్రసాద్ నేత్రసంస్థవారి విజన్ సెంటర్లలో స్థానికులైన యువతీయువకులే తర్ఫీదుపొంది కండ్లు పరీక్షించుచున్నారు.

చిత్రము తీయువాడొకడు, చూచువాడొకడు అయిన పిమ్మట, ఆ చూచువాడును మనుష్యుడే కానక్కఱలేదను తలంపు పుట్టుటకు ఎంతో కాలము పట్టలేదు. 2016 డిసెంబరున గూగుల్ పరిశోధకులు 1,28,175 చిత్రములతో శిక్షణ గఱపిన యంత్రమును ప్రకటించిరి. ఆ చిత్రములలో అమెరికావానితోపాటు మదురై అరవింద్, చెన్నై శంకర నేత్రాలయ, బెంగళూరు నారాయణ నేత్రాలయలవియు కలవు. 2018 ఏప్రిలున అమెరికా ప్రభుత్వము, వైద్యుని ప్రమేయము లేకయే మధుమేహ రెటినోపతీని, అనగా మధుమేహమువలన నేత్రపటలమునకు కలుగు చెఱుపును, తేల్చు యంత్రమునకు అనుమతి నిచ్చెను.

అటుపై గూగుల్ యంత్రమును థాయిలాండు చికిత్సాకేంద్రములకు కొనిపోయిరి. ప్రయోగశాలలో ఎదురులేని యంత్రము అక్కడ తొలి ఆఱునెలలలో తనయొద్దకు వచ్చిన 1,838 చిత్రములలో 21 శాతమును మసకగా నున్నవని త్రోసివేసెను. కనుపాప విప్పారవలెనన్న గది చీకటిగా నుండవలెను. పరిశీలించిన 11 కేంద్రములలో చీకటి చేయదగిన ప్రత్యేకమైన గది రెండింటనే యుండెను. మిగిలినచోట్ల నర్సులు, ఇతర రోగులు వచ్చుచు పోవుచు నుండగా, వెలుగు నిండిన గదిలోనే పాప యెప్పుడు విప్పారునా యని కెమెరాకడ మఱల మఱల ప్రయత్నించుచుండిరి.