పొరపాటు పుట్టిన చోటు

1993 సెప్టెంబరు 20వ తేదీన శ్రీహరికోట నుండి పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు మొట్టమొదటిసారి పైకి లేచినది. మొదటి రెండు దశలు చక్కగనే పనిచేసినవి. రెండవ దశ విడివడి మూడవ దశ అందుకొనవలసిన తరుణమున రాకెట్టు తొట్రుపడి, తాను మోసికొనిపోవుచున్న ఐ.ఆర్.ఎస్.-1ఇ ఉపగ్రహముతో సహా సముద్రము పాలైనది. విచారణలో తేలిన కారణములలో ఒకటి ఇనుములోను లేదు, ఇంధనములోను లేదు. రాకెట్టును అదుపులో నుంచు కంప్యూటరు ప్రోగ్రాములో ఉన్నది. ఒకానొక ఆజ్ఞ విలువ నిర్ణీతమైన గరిష్ఠ పరిమితిని దాటినపుడు మాత్రమే బయటపడు తప్పు అది. మరుసటి సంవత్సరము అక్టోబరు 15న అదే జాతి రాకెట్టు కృతకృత్యమైనదన్న మాట వేరు.

ఇట్టి విపరీతము ఎదురైనపుడు ప్రోగ్రాము ఏమి చేయవలెను? 1972లో మాక్‌లిస్ప్ అను కంప్యూటరు భాషలో 'క్యాచ్', 'త్రో' అను రెండు మాటలు చేరినవి. లోపలి భాగము విసరును. పైనున్న భాగము పట్టుకొనును. పిమ్మట సి ప్లస్ ప్లస్ మొదలగు భాషలు ఈ మాటలనే గైకొన్నవి. విసరబడిన దానికి ఎక్సెప్షన్ అని పేరు. దానిని ఎవ్వరును పట్టుకొనకున్నచో ప్రోగ్రాము అంతటితో ఆగిపోవును.

పట్టుకొన్నను చిక్కే. గద్వాల, వనపర్తి సంస్థానముల నాటి పాలన తలచుకొనుడు. రాజు దివానునకు, దివాను తన క్రింది ఉద్యోగికి, అతడు గ్రామ పటేలునకు ఆజ్ఞ పంపును. పటేలు వద్ద పుట్టిన తగవు దివాను కచేరీలో తీరినదనుకొనుడు. అంతలో నడుమనున్న కాగితములన్నియు చింపివేసినచో, తగవు ఏ ఊర పుట్టినదో ఎవరు చెప్పగలరు? ఎక్సెప్షన్ పట్టుబడుసరికి ప్రోగ్రాములో జరుగునదియు ఇదే.

ఈ చిక్కు విప్పు సాధనములలో ప్రసిద్ధమైనది 1986లో రిచర్డ్ స్టాల్మన్ రచించిన జి.డి.బి. అందులో బొమ్మలు లేవు, మీటలు లేవు; అక్షరములతో ఆజ్ఞ వ్రాసిన అక్షరములతోనే బదులు వచ్చును. నాకు ఈ పొడిమాటల సంభాషణయే ఇష్టము. ప్రోగ్రామును నడుపుటకు ముందు 'క్యాచ్ త్రో' అని వ్రాసినచో, విసరిన క్షణముననే, అనగా కాగితములు చింపకమునుపే, అది ప్రోగ్రామును నిలిపివేయును. అప్పుడు 'బ్యాక్‌ట్రేస్' అన్నచో ఎవరిని ఎవరు పిలిచిరో ఆ వరుస యంతయు చూపును. సాధారణముగా సున్న అంకె గల పంక్తి విసరు యంత్రాంగమునకు చెందినది. 'అప్' అని ఒక మెట్టెక్కినగాని మన ప్రోగ్రాము కనబడదు. అచ్చట 'ఇన్ఫో లోకల్స్' అని అడిగిన, ఆ క్షణమున ఏ రాశికి ఎంత విలువ యున్నదో చెప్పును.

బల్ల ముందు కూర్చున్నవానికి ఇది సులభము. ఆకాశములో పేలినదాని మాట ఏమి? 1996 జూన్ 4న ఫ్రెంచి గయానాలో ఏరియాన్ 5 తొలి రాకెట్టు సుమారు 40 సెకనులలో, దాదాపు 3,700 మీటర్ల ఎత్తున తునాతునకలైనది. శకలములు 12 చదరపు కిలోమీటర్ల చిత్తడినేలపై పడినవి. జాక్-లూయీ లియాన్స్ అధ్యక్షతన విచారణ సంఘము ప్రేలుడు నుండి ఒక్కొక్క అడుగే వెనుకకు నడచినది. ఒక పెద్ద సంఖ్యను 32,767కు మించి పట్టని పదునారు బిట్ల గదిలోనికి మార్చబోగా ఎక్సెప్షన్ పుట్టినది. దానిని పట్టుకొను ఏర్పాటు లేదు. దిక్సూచక యంత్రము పని మానినది. దానికి తోడున్న రెండవ యంత్రములోను అదే ప్రోగ్రాము గనుక, అది అంతకు కొంచెము ముందే ఆగియున్నది. ఇంతకును ఆ లెక్క ఏరియాన్ 4 నుండి తెచ్చి యుంచినది. ఏరియాన్ 5 నేలను విడిచిన తరువాత దానితో పనియే లేదు.