మూడు గంటల పెళ్లి, 4.7 జీబీ డిస్కు

ఇంట్లో చూసుకునే డీవీడీకి నాణ్యతను తేల్చేది ఒక భాగహారం. ఒకే పొర ఉన్న డిస్కులో పట్టేది 4.7 జీబీ, అంటే సుమారు 37,600 మెగాబిట్లు. దాన్ని వీడియో నిడివితో భాగిస్తే సెకనుకు ఎంత సమాచారం దక్కుతుందో తెలుస్తుంది. దీన్నే బిట్‌రేటు అంటారు. గంట వీడియోకు 10 మెగాబిట్ల పైచిలుకు వస్తుంది గానీ, డీవీడీ ప్రమాణం బొమ్మకు 9.8 దాటనివ్వదు. రెండు గంటలైతే 5.2, మూడు గంటలైతే 3.5కు కాస్త తక్కువ. ధ్వని వాటా కూడా ఇందులోంచే పోవాలి.

2000 తర్వాతి పదేళ్లలో సంగారెడ్డి, పటాన్‌చెరు, రామచంద్రాపురం వీడియో స్టూడియోల్లో మిక్సింగ్ పని చేసినవారికి ఈ లెక్క రోజూ ఎదురయ్యేదే. అంతకుముందు వీహెచ్ఎస్ క్యాసెట్, ఆ తర్వాత వీసీడీ. 1993 నాటి వీసీడీ ప్రమాణంలో బొమ్మ 352×288 చుక్కలే, బిట్‌రేటు 1.15 మెగాబిట్లే. 1996లో జపాన్‌లో మొదలైన డీవీడీ దాన్ని 720×576కు పెంచింది, ఎంపెగ్-2 కుదింపును తెచ్చింది. బీహెచ్ఈఎల్ లాంటి కర్మాగారాల జీతాలతో కుదురుకున్న ఇళ్లలోకి ప్లేయర్లు వచ్చాక పెళ్లి వీడియో డీవీడీకి మారింది.

అప్పటి కెమెరాల్లో తిరిగిన మినీ డీవీ టేపులో సెకనుకు 25 మెగాబిట్ల బొమ్మ ఉంటుంది. గంట టేపును కంప్యూటర్లోకి ఎక్కిస్తే 13 జీబీ. మూడు గంటల పెళ్లిని ఒక్క డిస్కులో సర్దాలంటే ఏడెనిమిదో వంతుకు కుదించాలి. ఎంపెగ్-2 ప్రతి ఫ్రేమునూ పూర్తిగా దాచదు. సుమారు పన్నెండింటికి ఒకదాన్ని పూర్తిగా ఉంచి, మిగతావాటిలో మారిన భాగాలనే రాస్తుంది. పురోహితుడు మంత్రాలు చదువుతుంటే మారేది తక్కువ. తలంబ్రాల దగ్గర ప్రతి గింజా కదులుతుంది, ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ కొట్టినప్పుడల్లా బొమ్మంతా ఒక్కసారిగా తెల్లబడుతుంది. బిట్లు చాలక అప్పుడు ముఖాలు గళ్లుగళ్లుగా విరిగిపోతాయి. రాత్రి బరాత్ మరీ కష్టం. చీకట్లో కెమెరా పుట్టించే గరుకును కూడా కుదింపు చేసే ఎన్‌కోడర్ కదలికగానే లెక్కేసి బిట్లు ధారపోస్తుంది.

దీనికి విరుగుడు రెండుసార్లు చదివే పద్ధతి. ఎన్‌కోడర్ మొదటిసారి వీడియోనంతా కొలిచి, రెండోసారి కదలికను బట్టి బిట్లు పంచుతుంది. ఆ నాటి కంప్యూటర్లకు ఇది రాత్రంతా సాగే పని. ముహూర్తాలు వరసగా ఉన్న మాఘంలో అంత ఓపిక ఎవరికి? అందుకే ఒక్క చదువుతో, అంతటా ఒకే బిట్‌రేటుతో కానిచ్చేవారు. ఏ పద్ధతిలోనైనా గరిష్ఠాన్ని 8 మెగాబిట్ల దగ్గర ఆపడం మంచిది. అంతకు మించితే ఇంట్లో రాసిన డిస్కుల మీద పాత ప్లేయర్లు తడబడేవి.

ధ్వని దగ్గర నష్టం ఊరికే జరిగేది. కుదించని పీసీఎం ధ్వని సెకనుకు 1.5 మెగాబిట్లు మింగుతుంది. మూడు గంటల డిస్కులో అది మొత్తం చోటులో సగానికి కాస్త తక్కువ! ఏసీ-3 కుదింపులో 192 కిలోబిట్లు చాలు, సన్నాయి మేళానికి వచ్చే లోటేమీ కనిపించదు.

ప్రతి ఫ్రేమూ పై గీతలు, కింది గీతలు అని రెండు ఫీల్డులుగా ఉంటుంది. వాటి వరస మరో చిక్కు. డీవీ టేపు కింది గీతల ఫీల్డుతో మొదలవుతుంది. ఎన్‌కోడర్‌లో పై ఫీల్డు ముందు అని పెడితే కదిలే ప్రతి చెయ్యీ టీవీ మీద వణుకుతుంది. స్టూడియోలో కంప్యూటర్ తెర మీద చూసుకుంటే ఆ తప్పు అంతగా పట్టుబడదు.

అమెరికాలో పిల్లలున్న ఇంటికి మరో డిస్కు కావాల్సి వచ్చేది. అక్కడి ప్లేయర్లలో చాలావాటికి మన టీవీ పద్ధతైన పాల్‌లో రాసిన డిస్కు ఆడదు. 25 ఫ్రేములను 29.97కు, 576 గీతలను 480కి మార్చి అక్కడి పద్ధతైన ఎన్‌టీఎస్‌సీలో చేయాలి. ఇక్కడి ప్లేయర్లు రెండూ ఆడతాయి కదా అని అందరికీ ఆ ఒక్కటే ఇస్తే సొంతూరి చుట్టాలకు అనవసరంగా మారిన బొమ్మ అందుతుంది.

అన్ని వీడియోలకూ ఇంత యాతన లేదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళలు కెమెరా నేర్చి పంటల మీద, విత్తనాల మీద చిత్రాలు తీశారు. కుదురుగా కూర్చున్న రైతు మాటలకు తక్కువ బిట్‌రేటు కూడా సరిపోతుంది. పెళ్లి అలా కాదు. నాలుగు గంటల వేడుకను ఒక్క డిస్కులోనే ఇమ్మని పట్టుబట్టడం పొదుపు అనిపించేది గానీ, రెండో డిస్కు ఖర్చు ఎంతని? తప్పదనుకుంటే బొమ్మ వెడల్పును 352 చుక్కలకు తగ్గించడం డీవీడీ ప్రమాణం ఒప్పుకునే మార్గమే. మెత్తబడిన బొమ్మ గళ్లు పడిన బొమ్మకంటే నయం.

టేపులను తర్వాతి పెళ్లికి వాడుకోవడం అప్పట్లో మామూలే కాబట్టి, చాలా ఇళ్లలో ఆ డిస్కే ఇప్పుడు మూలప్రతి. రాసుకునే డిస్కుల్లోని రంగుపొర కాలంతో పాడవుతుంది. వాటిని ఎంపీ4గా మార్చి మళ్లీ కుదించడంకన్నా, డిస్కులోని వీఓబీ ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టు హార్డ్‌డిస్కుకు ఎక్కించి ఎంకేవీగా కలపడం మేలు. ఫోన్‌లో పంపుకోవడానికి చిన్న ప్రతి కావాలంటే దాన్నుంచే వేరుగా తీసుకోవచ్చు.