పుట్టి నుంచి లైఫ్ జాకెట్ దాకా: నీటి మీద మనవాళ్లు

మదనపల్లె అనగానే టమోటా మార్కెట్ గుర్తొస్తుంది. పుంగనూరు అంటే పొట్టి ఆవు, కుప్పం అంటే గ్రానైట్. ఈ మూడు ఊళ్ల పేర్లు వినగానే ఎవరికీ పడవ గుర్తు రాదు. బాహుదాలో ఏడాదిలో ఎక్కువ రోజులు కనిపించేది ఇసుకే. పాలారు సంగతీ అంతే. అలాంటి చోట పుట్టిన మనం పడవల భద్రత గురించి, దానికోసం జీతం లేకుండా పనిచేసే దళాల గురించి ఈ సంచికలో ఎందుకు రాస్తున్నామని తమ్ముళ్లూ చెల్లెళ్లూ అడగవచ్చు.

కారణాలు రెండున్నాయి. ఒకటి, నీళ్లు మన దగ్గరికే వచ్చాయి. శ్రీశైలం వెనుక జలాల నుంచి ఎత్తిపోసిన కృష్ణ నీరు హంద్రీ-నీవా కాలువలో మదనపల్లె వైపు వచ్చి, పుంగనూరు బ్రాంచి నుంచి చీలిన కాలువలో 2025 ఆగస్టులో కుప్పం చేరింది. తరతరాలుగా వాన కోసం ఆకాశం చూసినవాళ్లం, ఇప్పుడు నిండిన చెరువును చూసి సంతోషిస్తున్నాం. కానీ మన తండాల్లో, కాలనీల్లో ఈత రాని పిల్లలు ఎందరో మనకు తెలుసు. రెండో కారణం, మునిగేవారిని కాపాడిన చరిత్ర ఎవరు రాసినా అందులో గిరిజనుల పాత్ర ఒక్క వాక్యంతో ముగిసిపోతోంది. ఆ వాక్యాన్ని కాస్త పెద్దది చేయాలన్నది మా కోరిక.

మన రాయలసీమకు పడవ మరీ కొత్తదేమీ కాదు. విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, సుమారు 1520 నాటి తన రాతల్లో, తుంగభద్ర దాటించే గుండ్రటి పడవల గురించి చెప్పాడు. లోపల బుట్టలా అల్లిక, బయట తోలు. పదిహేను ఇరవై మందిని మోస్తుందనీ, తెడ్డు వేస్తుంటే గిరగిరా తిరుగుతూ పోతుందనీ రాశాడు. అదే మన పుట్టి. తోలు పోయి తార్పాలిన్ వచ్చింది గానీ కృష్ణ, తుంగభద్రల మీద ఆ అల్లిక ఇప్పటికీ కనిపిస్తుంది. బుట్టలు అల్లే ఎరుకల ఇంట్లో పుట్టిన పిల్లకు పుట్టిని చూపిస్తే ఎక్కడ మొదలుపెట్టారో, ఎక్కడ ముగించారో వేలితో చూపిస్తుంది. యానాదులకైతే నీటి సంగతి వేరే చెప్పనక్కర్లేదు. చెరువులో చేప ఎక్కడ నిలుస్తుందో, బురద ఎక్కడ కాలు పట్టేస్తుందో వాళ్లకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? ఈ తెలివికి సర్టిఫికెట్ లేదు. లేకపోవడం వల్లే దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ప్రపంచంలో పేరుమోసిన రక్షక దళాలు కూడా మొదట ఇలాంటి తెలివి మీదే నిలబడ్డాయి. బ్రిటన్‌లో విలియం హిల్లరీ అనే ఆయన ఐల్ ఆఫ్ మాన్ దీవి ఒడ్డున ఓడలు పగిలి మనుషులు చనిపోవడం చూసి, ఇందుకో సంస్థ కావాలని పట్టుబట్టాడు. అలా 1824 మార్చి 4న పుట్టినదే ఇప్పటి ఆర్‌ఎన్‌ఎల్‌ఐ. దాని పడవలెక్కినవారు ఎక్కువగా ఒడ్డున ఉండే చేపల వేటగాళ్లే. పని విడిచి, తుపానులోకి తెడ్డు వేసినవాళ్లే. అమెరికాలో 1939లో ఏర్పడి, 1941లో కోస్ట్‌గార్డ్ ఆగ్జిలరీ అని పేరు మార్చుకున్న స్వచ్ఛంద దళం మరో పద్ధతి పట్టింది. ప్రమాదం జరిగాక పరుగెత్తడం కన్నా, జరగక ముందే పడవ యజమానుల దగ్గరికి వెళ్లి లైఫ్ జాకెట్లు ఉన్నాయా, మంటలార్పే సిలిండరు పనిచేస్తోందా అని ఉచితంగా పరీక్షించి, పడవ నడపడంపై తరగతులు చెబుతుంది. మా దృష్టిలో ఈ రెండో పనికే విలువ ఎక్కువ. కాపాడినవాడికి దండ పడుతుంది, ప్రమాదం జరగకుండా చూసినవాడి పేరు ఎవరికీ తెలియదు.

స్వచ్ఛంద శిక్షణ మాట వచ్చింది కాబట్టి మదనపల్లె ముచ్చట ఒకటి. 1915లో ఇక్కడ దివ్యజ్ఞాన కళాశాలను నెలకొల్పిన అనీ బిసెంట్, బేడెన్ పావెల్ స్కౌట్లలో భారతీయ బాలురకు చోటు దొరకని ఆ రోజుల్లో, 1917లో భారతీయ బాలుర కోసం స్కౌట్ సంఘం ప్రారంభించారు. ముడి వేయడం, ప్రథమ చికిత్స, ఆపదలో ఉన్నవారికి సాయపడటం స్కౌట్ విద్యలో భాగం. సరిగ్గా అదే కాలంలో మన ఎరుకల పరిస్థితి ఏమిటి? క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. పేరు నమోదైనవాడు పోలీసులకు హాజరు చెప్పాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. ఒక ఇంటి కుర్రాడు యూనిఫాం వేసుకుని సేవ నేర్చుకుంటుంటే, ఇంకో ఇంటి కుర్రాడు స్టేషన్‌లో హాజరు పలికాడు. 1952లో ఆ చట్టం పోయింది. మనకు శిక్షణ ఆలస్యంగా ఎందుకు వచ్చిందని అడిగేవారికి ఈ తేదీలు చెబితే చాలు.

ఇప్పుడు గోదావరికి వెళ్దాం. 2018 మే 15న దేవీపట్నం మండలం మంటూరు దగ్గర లాంచీ మునిగింది. సంత పనులు, ఆఫీసు పనులు చూసుకుని ఇళ్లకు తిరిగి వెళుతున్న గిరిజనులే అందులో ఎక్కువ. గాలీవానా రావడంతో తలుపులు, కిటికీలు మూశారు, అవే లోపలివాళ్లకు ఉచ్చయ్యాయి. మరుసటి ఏడాది 2019 సెప్టెంబరు 15న, వరద మీదున్న గోదావరిలో పాపికొండలకు బయలుదేరిన రాయల్ వశిష్ఠ పున్నమి బోటు కచ్చులూరు దగ్గర బోల్తా పడింది. 77 మంది ఎక్కితే బతికింది 26 మంది. దారి లేదు, ఫోన్ సిగ్నల్ లేదు. జాతీయ విపత్తు దళం రావడానికి గంటలు పడుతుంది. అప్పుడు తూటుగుంట గిరిజనులు తమ చిన్న చేపల పడవలు వేసుకుని సుడిలోకి వెళ్లి, తేలుతున్నవారిని లాగారు. వాళ్లకెవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. వాళ్ల ఒంటి మీద లైఫ్ జాకెట్లు కూడా లేవు. బయటపడినవారిలో చాలామందికి మాత్రం లైఫ్ జాకెట్లు ఉన్నాయి. ఉక్కగా ఉందని కొందరు తీసేశారని అప్పటి వార్తల్లో చదివాం. నెల దాటాక అక్టోబరు 22న ధర్మాడి సత్యం బృందం బోటును పైకి లాగింది. ఆయన పేరు రాష్ట్రమంతా తెలిసింది, అది న్యాయమే. తూటుగుంటవాళ్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

అంతకుముందు 2017 నవంబరు 12న కృష్ణలో ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పడవ మునిగినప్పుడూ ముందు చేరింది స్థానిక మత్స్యకారులే. ఈ వరుస ప్రమాదాల తర్వాత ప్రభుత్వం బోటింగ్ చోట్ల కంట్రోల్ రూములు పెట్టింది. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో కేంద్రం కొత్త ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం తెచ్చింది. మంచిదే. అయినా కంట్రోల్ రూము నుంచి మనిషి వచ్చేలోపు నీళ్లలో ఉన్నవాడికి మిగిలేవి నిమిషాలే.

ఆ నిమిషాల కోసమే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో ఆపద మిత్ర పథకం మొదలుపెట్టింది. ముందు 30 జిల్లాల్లో 6,000 మంది, తర్వాత 350 జిల్లాల్లో లక్ష మంది లక్ష్యం. పద్దెనిమిది నుంచి నలభై ఏళ్ల లోపువారికి పన్నెండు రోజుల శిక్షణ, కిట్టు, బీమా. ఇలాంటి శిక్షణల్లో మొదట నేర్పేది ఈత కాదు, దూకకుండా ఉండటం. ఒడ్డు నుంచే కర్రో, చీరో, పంచో అందించాలి. అందకపోతే తాడో, తేలే వస్తువో విసరాలి. అదీ కుదరకపోతే పడవలో వెళ్లాలి. నీళ్లలోకి దిగడం చివరి మాట, అదీ శిక్షణ ఉన్నవాడికే. మునిగేవాడు సినిమాలోలాగా అరవడు. నోరు నీటి మట్టానికి వచ్చాక ఊపిరికే సరిపోదు, కేక ఎక్కడిది? నిశ్శబ్దంగా, నిలువుగా, తల వెనక్కి వాల్చి ఉంటాడు. దగ్గరికి పోయినవాడి మెడ పట్టుకుంటాడు. ఒకరి కోసం దూకి ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు ప్రతి వేసవిలో చదువుతున్నాం కదా, వాటి వెనకున్న సంగతి ఇదే.

మన ఊళ్లలో ఇంకో అలవాటు ఉంది. బయటికి తీసిన మనిషిని బోర్లా వేసి పొట్ట నొక్కడం, కాళ్లు పట్టుకుని తిప్పడం. ప్రేమతో చేసేదే గానీ ప్రాణం తీస్తుంది. ఊపిరి ఆగినవాడికి కావాల్సింది ఊపిరి. వెల్లకిలా పడుకోబెట్టి, తల కాస్త వెనక్కి వంచి, ముక్కు మూసి, నోటితో గాలి ఊది, ఆ తర్వాత ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ఒకరు ఇది చేస్తుండగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. పెద్దవాళ్లు అడ్డుపడితే మర్యాదగానే, గట్టిగా చెప్పండి. అవ్వా తాతలతో వాదించే ధైర్యం కూడా ఈ శిక్షణలో భాగమేనని మా అభిప్రాయం.

పాతదంతా తప్పని కాదు. బావిలో పిల్లలకు ఈత నేర్పేటప్పుడు నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టేవారు. ఇప్పుడు విపత్తు దళాలవాళ్లు ఖాళీ సీసాలు, మూత బిగించిన క్యాన్లు కట్టి చూపించేది అదే విద్య. పుట్టిలో ఎక్కగానే నడుమ కూర్చోమని, లేచి నిలబడొద్దని పడవవాడు కసరడం కూడా భద్రతా పాఠమే. మన చెరువుల్లో లారీ ట్యూబుల మీద, థర్మాకోల్ తెప్పల మీద వలకు పోతున్న అన్నదమ్ములు నడుముకో సొరకాయ బుర్రైనా కట్టుకుంటే ఎంతో నయం. లైఫ్ జాకెట్ అయితే ఇంకా మేలు, బకిల్స్ అన్నీ బిగిస్తేనే. వదులుగా తగిలించుకున్నది నీళ్లలో పడగానే తల మీదుగా జారిపోతుంది.

చెరువుకు వాలు గట్టు ఉంటుంది, కాళ్లు ఆనుతాయి. సిమెంటు లైనింగ్ వేసిన కాలువ అలా కాదు. పాచి పట్టిన పక్కల మీద చెయ్యి నిలవదు, నీళ్లు నడుముదాకే ఉన్నా కాళ్లు లాగేస్తాయి. అందుకని కాలువ దగ్గరున్న ప్రతి తండాలో, ప్రతి కాలనీలో ఒక తాడు ఉండాలి. ఇరవై మీటర్ల నైలాన్ తాడు చాలు. ఒక చివర రెండు లీటర్ల ఖాళీ సీసా కట్టండి. సీసాలో పావు వంతు నీళ్లు పోసి మూత బిగిస్తే బరువుకు దూరం పోతుంది, మిగతా గాలికి తేలుతుంది. మునిగేవాడికి ఎగువన, తల మీదుగా అవతలికి పడేలా విసరాలి. అతను తాడు పట్టుకున్నాక నిలబడి లాగకండి, కూర్చుని లాగండి. ఆదివారం సాయంత్రాలు నీళ్లు లేని మైదానంలో, ఒక బిందెను గురిగా పెట్టుకుని విసిరి చూడండి. మొదటి రోజు పదిలో రెండు కూడా తగలవు.