ఓటర్ల జాబితా – దేశ నాయకత్వం: ఫిజీ అనుభవం

ప్రజాస్వామ్యంలో దేశ నాయకుణ్ణి నిర్ణయించేది ఓటరు. అయితే ఆ ఓటరును జాబితాలో పౌరుడిగా నమోదు చేయాలా, ఒక జాతికి చెందినవాడిగా నమోదు చేయాలా అన్న ప్రశ్న ఎన్నికకు ముందే తేలవలసి ఉంటుంది. దక్షిణ పసిఫిక్‌లోని ఫిజీ దీవులలో దాదాపు ఒక శతాబ్దం పాటు రాజకీయమంతా ఈ ప్రశ్న చుట్టూనే పరిభ్రమించింది. భారతదేశం నుంచి తరలివెళ్లిన ఒప్పంద కూలీల సంతతి ఈ వివాదంలో ఒక పక్షం కావడం వల్ల ఈ చరిత్ర మనకు పరాయిది కాదు.

చెరకు తోటల నేపథ్యం

1874 అక్టోబరు 10న ఫిజీ తెగల నాయకులు తమ దీవులను బ్రిటిష్ రాణికి అప్పగించారు. మరుసటి సంవత్సరమే వ్యాపించిన తట్టు వ్యాధికి సుమారు 40,000 మంది మూలవాసులు బలైపోయారు. ఆ జాతి అంతరించిపోతుందేమోనన్న భయం పాలకులకు సైతం కలిగింది. గవర్నరు ఆర్థర్ గోర్డన్ మూలవాసుల భూములను అన్యులకు విక్రయించడాన్ని అడ్డుకున్నాడు. వారిని తోటపనికి తరలించడాన్ని నియంత్రించాడు. తోటలకు కావలసిన శ్రామికుల కోసం భారతదేశం వైపు చూశాడు.

కలకత్తా నుంచి బయలుదేరిన ‘లియోనిడాస్’ ఓడ 463 మంది కూలీలతో 1879 మే 14న ఫిజీ చేరింది. 1916 వరకు సుమారు 60,000 మంది ఈ విధంగా వెళ్లారు. ‘అగ్రిమెంటు’ అన్న మాట వారి నోట ‘గిర్మిట్’ అయింది. 1903 నుంచి మద్రాసు రేవు ద్వారా కూడా ఓడలు నడిచాయి. ఉత్తర ఆర్కాటు, కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాల తెలుగువారు వెళ్లింది ఆ ఓడలలోనే. వారి వారసులు 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘాన్ని స్థాపించుకున్నారు.

భూమి మూలవాసులది, సేద్యం భారతీయులది, చక్కెర వ్యాపారం యూరోపియన్లది అన్న విభజన ఈ దశలోనే స్థిరపడింది. నేటికీ ఫిజీ భూమిలో 80 శాతానికి పైగా మూలవాసుల ఉమ్మడి యాజమాన్యంలోనే ఉంది. రాజ్యాధికారం ఎవరిదన్న ప్రశ్న తలెత్తిన ప్రతిసారీ దాని వెనుక భూమి ఎవరిదన్న ప్రశ్న పొంచి ఉండడానికి కారణం ఇదే.

వేర్వేరు జాబితాలు

1929లో ఫిజీ శాసన మండలికి భారతీయులు మొదటిసారి తమ ప్రతినిధులను ఎన్నుకున్నారు. అత్యల్ప సంఖ్యాకులైన యూరోపియన్లకు 6 స్థానాలు, భారతీయులకు 3 స్థానాలు లభించాయి. మూలవాసులకు ఓటు లేదు. వారి ప్రతినిధులను గవర్నరు నియమించేవాడు. జాతుల వారీ జాబితాలను రద్దుచేసి అందరికీ ఒకే జాబితా ఉండాలని విష్ణుదేవ్ అదే సంవత్సరం తీర్మానం ప్రతిపాదించారు. అది వీగిపోగా భారతీయ సభ్యులు మండలి నుంచి తప్పుకొన్నారు. భారతదేశంలో 1909 చట్టం ప్రవేశపెట్టిన ప్రత్యేక నియోజకవర్గాల అనుభవం వారికి తెలియనిది కాదు. స్వతంత్ర భారత రాజ్యాంగం 325వ అధికరణం ద్వారా ఆ పద్ధతికి స్వస్తి చెప్పింది. ఫిజీలో మాత్రం అది మరింతగా వేళ్లూనుకుంది.

1946 జనగణన నాటికి భారతీయుల సంఖ్య మూలవాసుల సంఖ్యను మించింది. దానితో ఉమ్మడి జాబితా అన్న సమానత్వ నినాదం మూలవాసుల చెవికి ఆధిపత్య నినాదంగా వినిపించసాగింది. మూలవాసులకు ఓటు హక్కు 1963లో గాని రాలేదు. 1970 అక్టోబరు 10న స్వాతంత్ర్యం లభించినప్పుడు 52 స్థానాల ప్రతినిధుల సభలో మూలవాసులకు 22, భారత సంతతికి 22, ఇతరులకు 8 చొప్పున కేటాయించారు. ఈ లెక్కలో ఏ ఒక్క జాతీ ఒంటరిగా పాలించలేదు. అయినా ప్రతి ఎన్నికా జాతుల బలపరీక్షగానే పరిణమించింది.

బవాద్రా, చౌదరి

1987 ఏప్రిల్ ఎన్నికలలో లేబర్ పార్టీ, నేషనల్ ఫెడరేషన్ పార్టీల కూటమి 28 స్థానాలు గెలుచుకుంది. ప్రధానమంత్రి అయిన డాక్టర్ తిమోతి బవాద్రా మూలవాసి. అయినప్పటికీ మే 14న, అంటే లియోనిడాస్ ఓడ వచ్చిన తేదీనాడే, లెఫ్టినెంట్ కర్నల్ సితివేని రాబుకా సైనిక బలంతో ఆయనను పదవీచ్యుతుణ్ణి చేశాడు. నాయకుని పుట్టుకే అభ్యంతరమైతే బవాద్రా విషయంలో ఆ అభ్యంతరానికి తావు లేదు. ఆయనను గెలిపించిన ఓట్లలో అత్యధికం భారత సంతతివి కావడమే తిరుగుబాటుదారుల దృష్టిలో నేరమైంది. ఫిజీ చరిత్ర అంతటిలోనూ గమనింపదగిన అంశం ఇదే. వివాదం నాయకుని జాతి గురించి మొదలైనట్లు కనిపించినా, అది చివరికి ఓటరు జాతి వద్దకే చేరింది.

1990 రాజ్యాంగం ఈ వైఖరిని అక్షరబద్ధం చేసింది. 70 స్థానాలలో 37 మూలవాసులకు, 27 భారత సంతతికి కేటాయించి, ప్రధానమంత్రి పదవిని మూలవాసులకే ప్రత్యేకించింది. వేలాది భారత సంతతి కుటుంబాలు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడాలకు తరలిపోయాయి.

ఆ రాజ్యాంగాన్ని సవరించడానికి ముందుకు వచ్చినవాడు మళ్లీ రాబుకాయే. ప్రతిపక్ష నాయకుడు జైరాం రెడ్డితో ఆయన కుదుర్చుకున్న అవగాహన ఫలితంగా 1997 రాజ్యాంగం రూపొందింది. అదే సంవత్సరం తెగ నాయకుల మహామండలిని ఉద్దేశించి జైరాం రెడ్డి ప్రసంగించారు. ఆ గౌరవం అంతకుముందు భారత సంతతి నాయకులెవరికీ దక్కలేదు. ఉమ్మడి స్థానాలే అధికంగా ఉండాలని సర్ పాల్ రీవ్స్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం సూచించగా, పార్లమెంటు 71 స్థానాలలో 46 జాతుల వారీగానే ఉంచి, 25 మాత్రమే అందరికీ తెరిచింది.

1999 ఎన్నికలలో రాజీ కుదిర్చిన ఇద్దరినీ ఓటర్లు తిరస్కరించారు. రాబుకా పార్టీకి 8 స్థానాలు రాగా, రెడ్డి పార్టీకి ఒక్క స్థానమూ రాలేదు. 37 స్థానాలు గెలిచిన లేబర్ పార్టీ నాయకుడు మహేంద్ర చౌదరి మే 19న తొలి భారత సంతతి ప్రధాని అయ్యారు. 1976 చట్టం కింద ఇచ్చిన కౌళ్లు గడువు తీరుతున్న రోజులవి. భూమి వివాదం మళ్లీ రాజుకుంది. సరిగ్గా ఏడాదికి, 2000 మే 19న జార్జ్ స్పైట్ అనుచరులు పార్లమెంటులోకి చొరబడి ప్రధానిని 56 రోజులు నిర్బంధించారు. ఆ అల్లర్లలో ఇల్లు విడిచి పారిపోవలసి వచ్చిన ఒక భారత సంతతి రైతు న్యాయస్థానాన్ని ఆశ్రయించాడు. 1997 రాజ్యాంగం రద్దు కాలేదని అప్పీలు న్యాయస్థానం 2001 మార్చి 1న తీర్పు చెప్పింది. రాజ్యాంగం నిలిచింది గాని చౌదరి ప్రభుత్వం తిరిగి రాలేదు.

ఉమ్మడి జాబితా

2006 డిసెంబరులో సైన్యాధిపతి బైనిమరామా అధికారాన్ని చేజిక్కించుకున్నాడు. 2013 రాజ్యాంగం జాతుల వారీ స్థానాలన్నింటినీ తొలగించి పౌరులందరినీ ఫిజీయులుగా పేర్కొన్నది. 1929లో విష్ణుదేవ్ కోరిన ఉమ్మడి జాబితాతో 2014లో ఎన్నికలు జరిగాయి. ఎనభై ఐదేళ్ల కోరిక నెరవేరిన మాట నిజమే. అయితే అది జాతుల మధ్య సమ్మతి ద్వారా గాక, తెగ నాయకుల మహామండలిని సైతం రద్దుచేసిన సైనిక ప్రభుత్వం ద్వారా సంక్రమించింది. ఈలోగా వలసల వల్ల భారత సంతతి జనాభా 2007 నాటికే 40 శాతం లోపునకు తగ్గింది. సంఖ్యాబలం గురించిన పాత భయం అప్పటికే చాలావరకు ఆధారం కోల్పోయింది.

2022 డిసెంబరులో రాబుకా ఎన్నికల ద్వారా తిరిగి ప్రధాని అయ్యాడు. ఒకనాడు తాను కూలదోసిన కూటమిలోని నేషనల్ ఫెడరేషన్ పార్టీయే ఈసారి ఆయనకు భాగస్వామి. 2023 మే 14న ఆయన గిర్మిట్ కూలీల వారసులకు 1987 తిరుగుబాటు విషయమై బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. మహామండలి సైతం ఆ సంవత్సరమే పునరుద్ధరణ పొందింది. ఉమ్మడి జాబితాను చట్టం ఒక్క రోజులో తేగలదు. ఒకరి ఓటును మరొకరు తమ భూమికి, ఉనికికి ముప్పుగా భావించని స్థితిని మాత్రం ఇరుపక్షాలూ కూర్చొని మాట్లాడుకొని సాధించుకోవలసిందే. రాబుకా, రెడ్డి 1997లో ఆరంభించినది ఆ పనినే; ఓటమి వల్ల అది ఆగిపోయింది గాని వ్యర్థం కాలేదని పాతికేళ్ల తరువాతి పరిణామాలు తెలుపుతున్నాయి.